ఏప్రిల్‌లో పెట్టిన సంతకం

నాచారంలోని సామ్యేలు ఇంట్లో ఆ పొద్దున టీ కన్నా ముందు సామాను బయటికొచ్చింది. బీరువా, బియ్యం డబ్బా, కుక్కరు అన్నీ గేటు పక్కన చేరాయి. మోకాళ్లు పట్టేసి నడవలేని అతని భార్య హన్నా మాత్రం ఇంకా లోపల మంచం మీదే ఉంది. పది గంటలకు ప్రార్థన, ఆ వెంటనే కప్పు పగలగొట్టడం. అదే స్థలంలో కాంట్రాక్టరు అనిల్ కుమార్ వాళ్లకు కొత్త ఇల్లు కడతాడు.

సామ్యేలు తొందరకు కారణముంది. పోయిన వానల్లో కప్పు పెచ్చు ఊడి భార్య దిండు పక్కనే పడింది. అప్పట్నుంచి మబ్బు పట్టిందంటే చాలు, ఆయన ఆ మంచం పక్కనుంచి కదలడు. ఇక అనిల్ సంగతి అడగాల్సిన పనేముంది? సామ్యేలును ఫ్యాక్టరీలో పెట్టించింది అతని తండ్రే. ఆదివారం చర్చిలో సామ్యేలు, అనిల్ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. సంఘంలో ఎవరు పోయినా సమాధి దగ్గర పాట ఎత్తుకునేది సామ్యేలే. లాలాపేట్ దాకా పిలుస్తారు. అలాంటి మనిషి సాటి విశ్వాసిని కాగితాలడుగుతాడా? నమ్మి చెడినవాడు లేడంటారు. ఆ మాట అన్నవాడు ఇల్లు కట్టించి ఉండడు.

కూతురు మరియా ఉప్పల్‌లో మున్సిపల్ ఆఫీసు ఎదుటి జిరాక్స్ సెంటర్‌లో పనిచేస్తుంది. ఇళ్ల పర్మిషన్ దరఖాస్తులు నింపడమే ఆమె పని. అనిల్ ఇచ్చిన ఫైలు ఒళ్లో పెట్టుకుని ఫోన్‌లో నంబర్లు కొట్టి చూస్తోంది.

“నాయినా, జర ఆగు. అనిలన్న కట్టిన అని రాసిచ్చిన మూడిండ్లల్ల రెండింటికి పర్మిషనే లేదు. మూడోదానికి కూలగొడ్తమని నోటీసొచ్చింది.”

“సిగ్గుందా నీకు? మనతోని కలిసి ప్రార్థన జేసేటోన్ని దొంగను జేస్తవా?”

“కప్పు తీసినంక అడిగితే ఏం లాభం? రేపు మున్సిపాలిటోళ్లొచ్చి కొత్తది కూలగొడ్తే అమ్మనెక్కడ పండవెడ్తం?”

“పెచ్చు వడ్డనాడు నువ్వు డ్యూటీల ఉన్నవ్. నేను సూసిన.” సామ్యేలు వేళ్లు చాపి చూపించాడు. “జానెడు దూరం, బిడ్డా. ఇంకో వానకాలం ఆగుడు నాతోని గాదు.”

మరియాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన భయం ఆమెకు తెలుసు. ఆమెకూ అదే భయం.

ఇంతలో అనిల్ ఇద్దరు మేస్త్రీలతో వచ్చాడు. వాళ్ల భుజాల మీద గడ్డపారలు.

“అన్నా, నీ లైసెన్సు సూపియ్యి,” మరియా గేటుకు అడ్డం నిలబడింది.

“ఏంది కాకా, చెల్లె పోలీసోళ్ల లెక్క అడుగుతుంది!” అనిల్ నవ్వి ప్లాను కాగితం తీశాడు. “లైసెన్సు ఇంజనీరు సారుకుంటది. గిదో, మొన్న ఏప్రిల్ల సంతకం పెట్టిండు.”

“సూడు!” సామ్యేలు కాగితాన్ని కూతురి ముందు ఆడించాడు. “ఇప్పుడేమంటవ్?”

ఆమె సంతకం కింది పేరు ఫోన్‌లో కొట్టి చూసి గట్టిగా చదివింది. “ప్రభుదాస్, లాలాపేట్. గీ సారు లైసెన్సు రెన్యువల్ కాలే, అన్నా.”

“అయితది లే, ఫికర్ జెయ్యకు.”

సామ్యేలు మాత్రం ఆ కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆయన పెదవులు ఆ పేరును రెండుసార్లు పలికాయి.

“అనిలూ... పెద్ద మీసాల ప్రభుదాసేనా?”

“ఆ సారే, కాకా.”

“ఆయన మట్టికి నేను పోయిన. పోయిన క్రిస్మస్ ముందర. సమాధిల పెట్టె దించుతుంటే పాట ఎత్తుకున్నది నేనే.” ఆయన సంతకం మీద వేలు పెట్టాడు. “ఏప్రిల్ల సంతకం ఎట్ల పెట్టిండ్రా?”

అనిల్ మొహం మాడిపోయింది. “సారు స్టాంపు నా దగ్గర్నే ఉండె కాకా... అందరు గిట్లనే...”

“పో!”

మేస్త్రీలు ముందే గడ్డపారలు దించేశారు. అనిల్ తల వంచుకుని గేటు దాటాడు.

సామ్యేలు బియ్యం డబ్బా మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “నిన్ను సిగ్గుందా అని తిట్టిన. సిగ్గు నాకుండాలె బిడ్డా. నా చేతులతోని మీ అమ్మను రోడ్డు మీద పడేద్దును.”

“ఊకో నాయినా. ఇంకా కప్పుంది గదా.”

లోపల్నుంచి హన్నా కేక వేసింది. “ఏమైందయ్యా? ప్రార్థన పాట ఇనవడ్తలేదేంది?”

తండ్రీకూతుళ్లు ఆమెను మంచంతో సహా ముందున్న రేకుల వసారాలోకి మోశారు. ఆకాశం నల్లబడుతోంది. సామ్యేలు పైకి చూడలేదు, మరియా చేతిలోని ఫోన్‌నే చూస్తున్నాడు.

“రేపు నన్ను గూడ ఉప్పల్‌కు తీస్కపో. ఇల్లు కడ్తనని ఎవడొచ్చినా లైసెన్సు నేనే అడుగుత. సంతకం పెట్టినోడు బతికున్నడో లేడో గూడ అడుగుత.”

మరియా కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది.