కట్టిన చోటు

అంగారకుడి గుమ్మటాల్లో మరుపు జబ్బు సోకిన తల్లి తన బిడ్డకు ఒక బట్ట నేయించి పెట్టడం రివాజైపోయింది. మంజువాణి కూడా మగ్గాల గదిలో ఆ పని మీదే ఉంది. రాట్నం తిరుగుతుంటే స్మృతినూలు ఆమె వేళ్ల సందున జారుతూ, తలుచుకున్నదల్లా తనలోకి లాక్కుంటోంది. చుట్టినదేదీ మళ్లీ మనిషికి గుర్తుండదు. ఎలాగూ జబ్బు మింగేసేదే, నూలుకు దక్కితే ఆ బట్ట కప్పుకున్న బిడ్డకైనా చేరుతుంది. రేపు ఆమె నాలుగేళ్ల కూతురు తొలకరికి అమ్మంటే ఆ బట్టే.

"ఇంకేమన్న మిగిలిందా బిడ్డా?" అంది సాలెక్క. పోచంపల్లి నేతగాళ్ల మాటలు విని మాట నేర్చిన మరమగ్గం అది.

తొలకరి గది అవతల ఆడుకుంటోందని చూసుకుని మంజువాణి గొంతు తగ్గించింది. "ఒకటుందక్కా. గుమ్మటంల గాలి ఆగిపోయిన దినం దీని మొఖం మీది మాస్కు గుంజుకుని నేను పెట్టుకున్న. మళ్ల ఇచ్చిన గానీ... పెదవులు నీలంగ అయినంక."

"ఆ నూలు కత్తిరించి పారేస్తా."

"వద్దు! ఆ దినమే అది మొదటిసారి అమ్మా అన్నది. అది పోవద్దు. మాస్కు ముచ్చట వరకు గట్టిగ కట్టెయ్యి. రంగు తాకకుంటే దానికి తెల్వదు."

"కట్టుమంటే కడ్త. నాదేం పోయింది?"

రాట్నం ఆ దినాన్ని కూడా నూలులోకి లాగేసుకుంది. అందులో మాస్కు ముచ్చట ఉన్న కొంచెం మేర రబ్బరు చుట్టి, మిగతాదంతా రంగులో ముంచింది సాలెక్క.

బట్ట మగ్గం దిగింది. ఎర్రటి నేత మీద తెల్లటి పువ్వులు. మంజువాణి బిడ్డను పిలిచి దాని భుజాల చుట్టూ కప్పగానే తొలకరి మొహం విప్పారింది. "నేనంటే నీకు గింత ఇష్టమా అమ్మా!" అని కిలకిలా నవ్వింది.

అంతలోనే ఊపిరి అందనట్టు ఎగపోసింది.

"అమ్మా... నా మాస్కెందుకు గుంజినవ్?"

మంజువాణి బట్ట లాగి పారేసింది. లాభం లేదు. ఒకసారి ఒంటికెక్కింది దిగదు.

"ఏందక్కా ఇది?"

"కట్టిన చోటే గద పువ్వు లేసేది! రంగు పడ్డవన్నీ మెత్తబడ్డయి. కట్టింది పచ్చిగనే ఉండిపాయె."

"ముందే చెప్పొద్దా?"

"నూలుకు ముడులు కట్టి రంగులద్దే చిట్కి పనోళ్ల ఇంట్ల పుట్టినదానివి, నీకు నేను చెప్పుడేందనుకున్న. మీ అమ్మ నేర్పిన పని గూడ నూలుకు చుట్టేసినవా ఏంది?"

మంజువాణికి అదీ తెలియలేదు. "ఇంతకీ నేను ఏం కట్టుమన్న?" అంది అయోమయంగా. జవాబు కోసం ఆగకుండా బిడ్డ చేతులు పట్టుకుంది.

"నా పాణం పోయినా నేనట్ల చెయ్య బిడ్డా. నీ మీద ఒట్టు."

ఆ మాటలో రవ్వంత అబద్ధం లేదు.

తొలకరి తల్లి కళ్లలోకి చూసింది. మెల్లగా చేతులు విడిపించుకుని, రెండు అరచేతులతో తన ముక్కూ నోరూ గట్టిగా కప్పుకుంది.