తలుపు అంచున నారింజ గీత

పెనుకొండ కొండ కింది రోడ్డు మీద ఆ ఉదయం రవికుమార్ బైకును గుద్దిన లారీకి నంబర్ ప్లేటు లేదు. డ్రైవర్ కిందికి దిగి, పడిన మనిషి ఊపిరి ఆగిందో లేదో వంగి చూశాడు. అతని వీపు మీది బ్యాగు లాక్కుని, తొందరేమీ లేనట్టు లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

రవికుమార్ హిందూపురంలోని ఒక బొమ్మల కంపెనీలో కలర్ డిజైనర్. ట్రక్కు నుంచి మనిషిగా మారే రోబో బొమ్మలకు రంగులు నిర్ణయించేది అతనే. చనిపోవడానికి ముందు రోజు బెంగళూరులోని ఒక రహస్య విభాగానికి ఫోన్ చేశాడు. "మా బొమ్మలో బాంబు పెడుతున్నారు సార్. ఎవరి కోసమో తెలియడం లేదు" అన్నాడు.

"ఆ ఫోన్ ఎత్తింది నువ్వే కదా?" అడిగాడు చీఫ్ ఆదినారాయణ.

"నేనే సార్" అన్నాడు ఏజెంట్ గంగాధర్. "ఇంకొక్క రోజు లోపలే ఉండి కనుక్కోమన్నది కూడా నేనే."

చీఫ్ ఒక పెన్ను అతని ముందుకు జరిపాడు.

"వెనక ఉన్నది విదేశీ ముఠా. కంపెనీలో మన మనిషి ఉంది. పేరు సుమ, బ్రాండ్ హెడ్. నువ్వు పెయింట్ సప్లయర్‌గా వెళ్తావు. కోడ్ వర్డ్ ఆమే మొదలుపెడుతుంది. ఈ పెన్ను జేబులో ఉంచుకో. నీ మాటలన్నీ ఇక్కడ మాకు వినిపిస్తాయి. వెళ్లు."

గంగాధర్ నేరుగా హిందూపురం వెళ్లలేకపోయాడు. ముందు పెనుకొండ ఆసుపత్రి దగ్గర కారు ఆపాడు. శవాల గది బయట మెట్టు మీద రవికుమార్ తల్లి హనుమక్క కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయిన మొహం.

"నువ్వు మావోని జతగానివా నాయనా?"

అవును, స్నేహితుణ్నేనని అబద్ధమాడాడు.

"బండిగా మూసినప్పుడు లోపలి రంగు ఇసుమంత కూడా కనపడగూడదు అని అందరితో కొట్లాడేటోడు. అట్లాటోడు రాత్రి వచ్చి, ఒక్క బొమ్మకు తెలిసే తప్పు చేసినానమ్మా అన్యాడు. తలుపు అంచున నారింజ రంగు బయటికి కనపడేట్ల వదిలినాడంట. ఎందుకురా అంటే, దాన్ని ఎవురో ఒకరు గుర్తుపట్టాల కదా అన్యాడు." ఆమె కొంగుతో నోరు మూసుకుంది. "గుర్తుపట్టినారా నాయనా?"

గంగాధర్ ఆమె కాళ్ల దగ్గర ఒక్క క్షణం కూర్చుని లేచాడు.

హిందూపురం కంపెనీ షోరూమ్‌లో నెమలికంఠం రంగు పట్టుచీరలో, నల్లకళ్లద్దాలు పెట్టుకుని సుమ ఎదురొచ్చింది. సినిమా పోస్టర్ నుంచి దిగివచ్చినట్టుంది.

"మీ ఎరుపు ఎండకు నిలుస్తుందా?"

"నీడపట్టున ఉంచితే నిలుస్తుంది మేడమ్."

కోడ్ సరిపోయింది. ఆమె తలుపు మూసి గొంతు తగ్గించింది. "బాంబు ఇక్కడే, గోడౌన్‌లో ఉంది. మీ వాళ్లందరినీ ఇక్కడికి పిలిపించండి."

అరలనిండా తెల్లటి బొమ్మ ట్రక్కులు. ఆమె ఒకటి తీసి చకచకా తిప్పింది. తలుపులు చేతులయ్యాయి. వెనక చక్రాలు మోకాళ్లయ్యాయి. చివరికి తల పైకి లేచి టక్కుమంది. తెలుపు ఎక్కడికో పోయింది. ఊదా రంగు ఛాతీ, బంగారు రంగు తొడలు, భుజాల మీద నారింజ.

"రవి కలర్ స్కీమ్" అంది. "మూస్తే ముని. తెరిస్తే మహారాజు. పాపం, మంచి కళాకారుడు."

ఆ 'పాపం' గంగాధర్ చెవిలో గుచ్చుకుంది. శాంపిల్స్ చూస్తున్నట్టు ఆమెకు వీపు తిప్పి ఒక ట్రక్కు తీశాడు. సప్లయర్ పెట్టెలోని, రంగు దిద్దే టచప్ పెన్నుతో దాని తలుపు అంచున సన్నటి నారింజ గీత గీశాడు.

"ఇది కూడా మార్చి చూపించండి మేడమ్."

నవ్వుతూ చెయ్యి చాపింది. గీత కనపడగానే ఆ చెయ్యి గాల్లో ఆగిపోయింది. రెండడుగులు వెనక్కి వేసి గోడకు తగిలింది.

"భయపడకండి. ఇది నేను గీసిన గీత. రవికుమార్ గీసింది ఎక్కడుంది?"

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది. అతని చెయ్యి అంతకంటే ముందే వెళ్లింది. బుల్లి పిస్తోలు నేల మీద పడింది.

"ధర్మవరం స్టేషన్‌లో" అంది సుమ చివరికి. "రాకెట్ ఇంధనం తయారుచేసే సైంటిస్టు చెన్నప్ప, మారుపేరుతో రైలెక్కుతున్నాడు. వెంట కూతురుంది. ప్లాట్‌ఫారం మీద మా స్టాల్‌లో పిల్లలకు బొమ్మలు ఊరికే పంచుతున్నారు. ఆ పాపకు మాత్రం అది ఇస్తారు. తల పైకి లేపితే పేలుతుంది. మూసేశాకే ఆ గీత చూశాం. మళ్లీ తెరవడం కుదరదు."

"రవిని చంపుతారని మీకు తెలుసా?"

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. గంగాధర్ ఆమె చేతికి సంకెళ్లు వేసి, ఇనుప ర్యాకుకు బిగించి, తను గీత గీసిన ట్రక్కును జేబులో వేసుకుని బయటికి పరుగెత్తాడు.

ధర్మవరం దారిలో చెన్నేకొత్తపల్లి దాటుతుండగా ఫోన్ మోగింది. చీఫ్.

"అంతా విన్నాం. స్టాల్ వాణ్ని పట్టుకున్నారు. కానీ పంచడం అయిపోయింది. స్టేషన్‌లో ఏ పిల్ల చేతిలో చూసినా తెల్ల ట్రక్కే. చెన్నప్ప ఫోన్ ఆఫ్."

"మైకులో చెప్పించండి సార్, తిప్పొద్దని."

"తిప్పొద్దంటే ముందు తిప్పి చూసేది పిల్లలే. పోలీసులు ఒక్కొక్కరి దగ్గరా మెల్లగా తీసుకుంటున్నారు. నువ్వు త్వరగా రా."

ధర్మవరం ప్లాట్‌ఫారం జనంతో కిక్కిరిసి ఉంది. పట్టుచీరల మూటల మీద, తల్లుల ఒడిలో, ట్రంకు పెట్టెల మీద పిల్లలు. గంగాధర్ ప్రతి బొమ్మ తలుపునూ చూస్తూ నడిచాడు. తెలుపు. తెలుపు. తెలుపు. రైలు కూత వినపడింది.

నీళ్ల కొళాయి పక్క బెంచీ మీద ఒక పాప. చేతిలోని బొమ్మకు కాళ్లు విడదీసింది, చేతులు లాగింది. తల ఒక్కటే మిగిలింది. పక్కకు వాలిన తలుపు అంచున, తెలుపు మీద, సన్నటి నారింజ గీత. పాప బొటనవేలు తల కింద పెట్టింది.

అరిస్తే ఉలిక్కిపడుతుంది. లాక్కుంటే బిగించి పట్టుకుంటుంది. గంగాధర్ ఆమె ముందు నేల మీద కూలబడి, జేబులోంచి తన ట్రక్కు తీశాడు.

"పాపా, ఇది మార్చేది నాకు చేత కావడంల్యా. రోంత నేర్పిస్తావా?"

బొటనవేలు ఆగింది. పాప అతన్నీ, అతని చేతిలోని బొమ్మనూ జాలిగా చూసింది. తన రోబోను జాగ్రత్తగా బెంచీ మీద పెట్టి చెయ్యి చాపింది.

"ఇట్లా ఇయ్యి మామా. ముందు తలుపులు తీయాల."

గంగాధర్ పాపను ట్రక్కుతో సహా ఎత్తుకుని నాలుగు అంగల్లో దూరం జరిగాడు. నీళ్ల సీసాతో తిరిగొచ్చిన చెన్నప్పను పోలీసులు చుట్టుముట్టారు. బాంబ్ స్క్వాడ్ బెంచీ చుట్టూ ఇసుక బస్తాలు పేర్చింది.

"శభాష్" అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "సుమను మన వాళ్లు తీసుకెళ్లారు. తిరిగి వచ్చెయ్యి."

"పెనుకొండలో ఆగి వస్తాను సార్. గుర్తుపట్టామని ఆ తల్లికి చెప్పాలి."

చెప్పినా ఆమె ఇల్లు నిండదు. అతనికి తెలుసు. బొమ్మ తల టక్కుమన్న శబ్దానికి చటుక్కున బెంచీ వైపు తిరిగాడు. చంకలోని పాప అతని ట్రక్కును రోబోగా మార్చి, ఊదా రంగు ఛాతీని అతని మొహం ముందు పెట్టింది.

"ఇంతే మామా. ఇంత సులువైనది కూడా చేతకాదా? నిన్ను ఎవురు పనిలో పెట్టుకున్యారు?"

చీఫ్ కూడా నెలకోసారి అదే అడుగుతుంటాడు.