మోకాలెత్తున తట్టిన తలుపు

ఆ కొండదారిలో పెద్ద మలుపు దాటగానే, రోడ్డు పక్కన చదునైన జాగా ఒకటుంది. బండి ఆపుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదు. అయినా చీకటి పడ్డాక తెలిసినవాళ్లెవరూ అక్కడ ఆపరు. ఆపితే... తలుపు తడుతుందట.

"తట్టేది కూడా ఎక్కడనుకున్నారు? మోకాలెత్తున!" అన్నాడు పెట్రోలు బంకు మనిషి, ట్యాంకు నింపుతూ. "మనిషైతే అంత కింద తడతాడా చెప్పండి. దానికి కాళ్లు లేవు. పాక్కుంటూ వస్తుంది. పొరపాటున తలుపు తీశారో—"

అక్కడితో ఆగి గొంతు తగ్గించాడు. "తియ్యకండి. అంతే."

పెట్రోలు పోయించుకుంటున్న వడ్రంగి పకపకా నవ్వాడు. "మా ఆవిడ పక్కనుండగా ఇంకో దెయ్యం నా దగ్గరికి రాదులే అన్నా!"

అతని భార్య, టైలరమ్మ, భుజం మీద ఒక్కటేసింది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఇద్దరూ కలిసి ఊరు దాటడం అదే మొదటిసారి. పాత మినీబస్సు ఒకటి కొని, ఆదివారాలన్నీ దానికే ధారపోశాడు వడ్రంగి. సీట్లు పీకేసి మంచం, గూళ్లు, మడతబల్ల తనే బిగించాడు. కిటికీలకి పల్చటి పసుపు పరదాలు ఆమె కుట్టింది. చక్రాల మీద సొంతిల్లు. ఎక్కడ నచ్చితే అక్కడ కాపురం.

ఆ రోజు మాత్రం వాతావరణానికి పిచ్చెక్కింది. పొద్దున చుర్రుమనే ఎండ. మధ్యాహ్నం బస్సు టాపు మీద టపటపా వడగళ్లు. సాయంత్రం మళ్లీ కాస్త ఎండ పొడ... హమ్మయ్య అనుకునేలోపే లోయలోంచి పొగమంచు లేచి రోడ్డుని మింగేసింది.

గూళ్లలో గిన్నెలు గలగలమంటుంటే, ఏదో చదునైన చోటు చూసి బ్రేకు వేశాడు వడ్రంగి. "ఇక నావల్ల కాదు. ముందు చక్రం ఎక్కడుందో నాకే తెలీట్లేదు."

టైలరమ్మ అద్దం తుడిచి బయటికి చూసింది. "ఏవండీ... ఇదేనా ఆ చోటు?"

"చోటూ లేదు, గీటూ లేదు. టీ పెట్టు."

దీపం వేసుకుని టీ తాగారు. ఫోన్లలో సిగ్నలు లేదు. చీకటి పడింది, వాన మళ్లీ అందుకుంది. ఆమె పక్క దులుపుతోంది—

టక్... టక్.

"కొమ్మ తగిలుంటుంది," అన్నాడతను.

"ఇక్కడ చెట్టేదీ?"

మళ్లీ టక్... టక్. తలుపు మీదే. కింద... మోకాలెత్తున.

బంకులో అంత నవ్విన మనిషి మొహంలో నెత్తురుచుక్క లేదు. గబుక్కున దీపం ఆర్పేశాడు. బయట రేకు మీద గోళ్లతో గీరిన చప్పుడు. ఆ తర్వాత, గాలేమో అన్నంత సన్నగా—

"అక్కా..."

ఆమె దులుపుతున్న దుప్పటి వదిలేసింది. లోపల ఆడమనిషి ఉందని దానికెలా తెలుసు?

"అక్కా... చలి..."

ఆమె లేచి గడియ మీద చెయ్యి వేసింది. అతను ఆ మణికట్టు పట్టేసుకున్నాడు. "మతి పోయిందా నీకు?"

"మనిషేమోనండీ..."

"మనిషైతే అక్కడ తడతాడా?"

విదిలించుకుంటే వదిలిపోయే పట్టే అది. ఆమె విదిలించుకోలేదు. పైగా లోలోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది— వద్దనే మనిషి ఒకడున్నాడు కదా అని.

ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని, ఒకరినొకరు కరుచుకుని కూర్చున్నారు. తట్టడం ఆగుతూ... మొదలవుతూ... చాలాసేపు సాగింది. చివరికి వాన చప్పుడొక్కటే మిగిలింది.

తెల్లారేసరికి కడిగిన పలకలా ఆకాశం. పరదాల్లోంచి బంగారంలాంటి ఎండ. "చూశావా, ఉత్తిదే!" అని సిగ్గుగా నవ్వుతూ వడ్రంగి తలుపు నెట్టాడు.

అది సగం తెరుచుకుని, దేనికో తగిలి ఆగిపోయింది.

మెట్టు మీద చెంప ఆనించి ఒకామె పడి ఉంది. వానకోటు, ఒంటికాలికే చెప్పు. రెండో కాలు, కాలు వంగకూడని వైపుకి వంగి ఉంది. మోచేతులు చెక్కుకుపోయాయి. రోడ్డు అంచు నుంచి ఆ మెట్టు దాకా బురదలో ఈడ్చుకొచ్చిన చార. కింద లోయలో ఒక కారు చక్రాలు ఆకాశంలోకి చూస్తున్నాయి.

రాత్రి దీపం ఆర్పకముందు పల్చటి పరదా మీద పడ్డ తన నీడ చూసే అక్కా అని పిలిచిందని టైలరమ్మకి అప్పుడర్థమైంది. పక్కన కూలబడి ఆ చెయ్యి పట్టుకుంది. ఎప్పుడో కొయ్యబారిపోయింది.

అటుగా వెళ్తున్న లారీవాడు కబురందిస్తే పోలీసు జీపొచ్చింది. వయసుమళ్లిన హెడ్డు కానిస్టేబులు దిగి, ఆ చారని, మెట్టుని, వీళ్లిద్దర్నీ చూశాడు.

"రాత్రి ఏమన్నా వినపడిందా?"

"లేదు సార్," అన్నాడు వడ్రంగి గబగబా. "వాన కదా... నిద్ర పట్టేసింది."

టైలరమ్మ మొగుడి వంక చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఎప్పుడూ అలా చూడలేదు.

"విన్నాం," అంది. "అక్కా అని పిలిచింది. చలి అంది. దెయ్యమనుకున్నాం."

కానిస్టేబులు ఆశ్చర్యపోలేదు. జీపులోంచి టార్పాలిన్ తీసి శవం మీద పరుస్తూ, నెమ్మదిగా అన్నాడు—

"ఈ మలుపులో పడ్డవాళ్లు పైకి పాక్కుంటూ వస్తే, వెలుగు కనిపించేది ఇక్కడేనమ్మా. తెలియక ఆగిన బండి ఏదో ఒకటి ఉంటుంది. చాలామందిని ఎత్తాను నేనిక్కడ. బండ్లలో ఉన్నవాళ్లంతా వినలేదన్నవాళ్లే. కాని అందరూ వినే ఉంటారు..."

టార్పాలిన్ అంచు లాగి ఆమె మొహం కప్పాడు.

"తలుపు తీసినవాణ్ణి మాత్రం ఒక్కణ్ణి కూడా చూళ్లేదు."