నల్ల వడ్ల డబ్బా

“నల్ల వడ్లు మామూలు వడ్లయిపోయాయి సార్,” అంది ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడే. తర్వాత ఏడుపు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది.

జనవరిలో రాయ్‌పూర్‌కి పొద్దెక్కినా తెల్లారినట్టుండదు. కింద పండరీ బజారంతా మంచులో మునిగి ఉంది. ఎదురు కొట్టులో వేలాడదీసిన చీరలు వాటంతట అవే గాల్లో నిలబడ్డట్టున్నాయి. మేడ మీద ఆ చిన్న గదే ప్రైవేట్ డిటెక్టివ్ భీమారావు ఆఫీసు. రైల్వేలో దొంగ సరుకు పట్టే ఉద్యోగం చేసి చేసి, చివరికి సొంతంగా బోర్డు పెట్టుకున్నాడాయన. లహరి ఆయన అసిస్టెంటు. ఆయన తుమ్మినా అందులో ఏదో ఆధారం దొరుకుతుందని నమ్మే మనిషి.

“ముందు టీ తాగమ్మా. తర్వాత మొదటినుంచీ చెప్పు,” అన్నాడు భీమారావు.

ఆ అమ్మాయి పేరు శిల్ప. తండ్రి ఏలియా రైల్వే గార్డు. వాళ్లది కాకినాడ వైపునుంచి వచ్చి ఇక్కడి రైల్వే క్వార్టర్లలో స్థిరపడిన కుటుంబం. శిల్ప యూనివర్సిటీలో పాతకాలపు వరి రకాల మీద పరిశోధన చేస్తోంది. తిల్దా దగ్గర ఒక పల్లెలో ఒంటరి ముసలావిడ దోసెడు నల్ల వడ్లు ఇచ్చింది. పొట్టు నలుపు, లోపలి గింజ తెలుపు. వండితే వీధంతా వాసన. ఆ ముసలావిడ పోయింది. ఆ విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. దాన్ని శిల్ప ఏటేటా మడి కట్టి, పిచ్చుకల్ని తోలి, ఒక డబ్బా నిండేలా పెంచుకుంది.

“మొన్న సాయంత్రం చూశాను సార్, బాగానే ఉన్నాయి. నిన్న ఛేర్‌ఛేరా, చుట్టీ కదా, ల్యాబ్‌కి రాలేదు. ఇవాళ పొద్దున్న మూత తీస్తే మామూలు ధాన్యం! రేపు ఈ రకాన్ని చూడ్డానికి కమిటీ వస్తోంది. మా గైడ్ ప్రేమ్‌చంద్ సార్ సీదా నా మొహం మీదే అన్నారు, నువ్వే ఏదో కంపెనీకి అమ్మేశావని. సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే నా పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ చేయిస్తారట. నాన్నకి ఏ మొహంతో చెప్పను?”

ఛేర్‌ఛేరా అనగానే లహరికి నిన్నటి సంగతి గుర్తొచ్చింది. పుష్య పున్నమి నాడు ఛత్తీస్‌గఢ్‌లో పిల్లా పెద్దా ఇంటింటికీ వచ్చి కొత్త ధాన్యం అడుగుతారు. ఆ రోజు ఎవరూ లేదనరు. లహరి వాళ్లింట్లో వడ్లెక్కడివి? చాక్లెట్లు పంచబోతే పిల్లలు పకపకా నవ్వి, అవీ తీసుకుని పోయారు.

యూనివర్సిటీలో విత్తనాల గది పాత భవనం చివర ఉంది. బయట మడుల మీద మంచు కదులుతోంది. అందులో ఎవరో నడుస్తున్నట్టే ఉంటుంది, దగ్గరికెళితే ఎవరూ ఉండరు. అలాంటి చోట దొంగతనం జరిగిందంటే నమ్మబుద్ధి కాదు.

తాళం పగలలేదు. ఒక తాళంచెవి శిల్ప దగ్గర, ఒకటి గైడ్ దగ్గర. శిల్ప తాళంచెవి పనివేళల్లో మేకుకి వేలాడుతుంది. తోటి విద్యార్థి హరీష్ అడక్కుండానే తీసుకుంటూ ఉంటాడు.

భీమారావు డబ్బాలోని వడ్లు పళ్లెంలో పోయించాడు. మధ్యలో ఎండిపోయిన వేపాకు ఒకటి బయటపడింది. దాన్ని జేబులో వేసుకుని, ఖాళీ డబ్బాలో తల పెట్టి వాసన చూశాడు. లహరి కూడా చూసింది. అడుగున ఇంకా పాలు పొంగినప్పటి తీపి వాసన ఉంది. ఆమెకి ఎందుకో కళ్లు చెమర్చాయి.

“మీ గదిలో పురుగు పట్టకుండా ఏం వేస్తారమ్మా?”

“మాత్రలు సార్. ఆకులూ అవీ రానివ్వరు.”

హరీష్ మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. విశాఖ కుర్రాడు, హాస్టల్లో ఉంటాడు.

“ఆ రకం మీద నేనూ పని చేస్తానన్నాను, ఇవ్వలేదు. గొడవ పడ్డాం. అయితే ఏటి? దొంగనైపోతానా?”

“నువ్వు అన్నం ఎక్కడ తింటావు?” అన్నాడు భీమారావు.

“మెస్‌లో. గదిలో కుక్కర్ కూడా లేదండి. ఆ రొట్టెలు తిని తిని చస్తన్నాం.”

భీమారావు తల ఊపాడు. లహరికి ఒళ్లు మండింది. ఇంత బాగా అనుమానించదగ్గ మనిషి దొరికితే ఈయన భోజనాల సంగతి అడుగుతాడేమిటి!

ప్రేమ్‌చంద్ సార్ మర్యాదగానే మాట్లాడాడు, హిందీలో. ఈ నేల మనిషే. ఊళ్లో పొలాలున్నాయి, స్టాఫ్ కాలనీలో ఇల్లు. “పిల్ల తెలివైనది. ఆశపడింది. ఏం చేస్తాం!” అని నిట్టూర్చాడు.

“నిన్న పండగ బాగా జరిగిందా? ధాన్యం ఎంతమందికి ఇచ్చారు?”

“ఆ వ్యవహారమంతా మా అమ్మే చూసుకుంటుంది. నేను ఇల్లు కదల్లేదు, గదిలో చదువుకుంటున్నాను.”

బయటికొచ్చాక భీమారావు కాలనీ వైపు ఊరికే నడిచాడు. మంచు విడిపోయి పల్చటి ఎండ వచ్చింది. ఆటస్థలంలో ఆడపిల్లలు కొందరు నిన్న పోగుచేసిన ధాన్యాన్ని టార్పాలిన్ మీద ఆరబోస్తున్నారు. అందరూ కలిసి పిక్నిక్‌కి వెళ్తారట. లహరి వంగి చూసి, నోరు తెరిచి, ఆ నోరు మూయడం మర్చిపోయింది. పసుపు గింజల మధ్య అక్కడక్కడా కాటుక చుక్కల్లా నల్ల గింజలు.

“ఇవి ఎవరిచ్చారమ్మా?” అన్నాడు భీమారావు హిందీలో.

ఆ పిల్లలు ఒక ఇల్లు చూపించి, జరిగింది చెప్పారు. ఆయన వాళ్లని సాయంత్రం టార్పాలిన్‌తో సహా ఆ ఇంటికే రమ్మన్నాడు.

సాయంత్రానికి ప్రేమ్‌చంద్ ఇంటి వరండాలో అందరూ చేరారు. భీమారావు వేపాకు తీసి స్టూల్ మీద పెట్టాడు.

“డబ్బాలో పోసిన వడ్లలో ఇది దొరికింది. ఇళ్లలో గాదెకి వేపాకు వేస్తారు, ల్యాబులో వెయ్యరు. శిల్ప ఉండేది రైల్వే క్వార్టర్స్. మా ఇళ్లలో బియ్యం ఉంటాయి గానీ వడ్లుండవు. హరీష్‌కి కుక్కరే లేదు, గాదె ఎక్కడిది? తాళంచెవీ, గాదే రెండూ ఉన్నది మీ ఒక్కరికే, ప్రొఫెసర్ గారూ.”

ప్రేమ్‌చంద్ నవ్వబోయాడు. “ఈ ఊళ్లో గాదెలు వేలకొద్దీ ఉన్నాయండీ.”

“నల్ల వడ్లు పంచిన గాదె ఒక్కటే. మొన్న సాయంత్రం డబ్బా ఇంటికి తెచ్చారు. నల్ల వడ్లు బుట్టలో పోసి గాదె వెనక దాచారు. అదే గాదెలో వడ్లతో డబ్బా నింపి, నిన్న పొద్దున్న కాలేజీలో పెట్టొచ్చారు. పిల్ల దొంగైతే ఆ రకం మీ పేరున నమోదవుతుంది. అంతా బాగానే ఆలోచించారు. నిన్న ఏం రోజో మాత్రం మర్చిపోయారు. మీరు ఇంట్లో లేని ఆ కాసేపట్లోనే ఈ పిల్లలు గుమ్మంలోకొచ్చారు. వీళ్లకి ధాన్యం పోసినావిడ, గాదె వెనక బుట్టలోంచి తీసి పోస్తూ, మా అబ్బాయి పొద్దున్నే కాలేజీకెళ్లాడని కూడా చెప్పిందట.”

లోపలినుంచి ప్రొఫెసర్ తల్లి వచ్చింది. తల మీద కొంగు, కళ్లకి దళసరి అద్దాలు. అమ్మా అన్నట్టుగా అందరూ ఆవిడని దాయీ అంటారు.

“నేనే ఇచ్చాను,” అంది ఛత్తీస్‌గఢీలో. “కళ్లు ఆనవు గానీ ముక్కు బాగానే ఉంది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు తిన్న బియ్యం వాసన. కొడుకు పండగకని తెచ్చాడనుకున్నాను. మంచి ధాన్యం ఇంట్లో పెట్టుకుని పిల్లల ఒళ్లో మామూలుది ఎట్లా పోస్తాను? వాసన చూసుకోండర్రా అని మరీ పోశాను.” కొడుకు వైపు తిరిగింది. “నీది కాదా, ప్రేమూ?”

ప్రేమ్‌చంద్ తల వంచుకున్నాడు. నిన్న ఇంటికొచ్చి ఖాళీ బుట్ట చూసి తల్లినేమీ అడగలేక మింగిన మాటలన్నీ ఆ మొహంలో కనిపించాయి. “కాదమ్మా,” అన్నాడు. “కమిటీకి నేనే చెప్తాను.”

పిల్లలు టార్పాలిన్ విప్పారు. చేటలొచ్చాయి. అందరూ కూచుని నల్ల గింజలు ఏరారు. హరీష్ ఎవరూ పిలవకుండానే శిల్ప పక్కన కూచుని, “ఈసారి పిచ్చుకల్ని నేను తోలతాలే,” అన్నాడు. ప్రొఫెసర్ కూడా చివర్న కూచున్నాడు. అతన్ని ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. పడమటి వెలుగులో వడ్ల ధూళి మెల్లగా తేలుతుంటే లహరికి తానెక్కడుందో కాసేపు మరుపొచ్చింది.

కానీ పోగైనవి గుప్పెడే. మిగతావి నిన్న గుమ్మంలోకొచ్చిన వేరే పిల్లలతో ఊరంతా పోయాయి. శిల్ప ఆ గుప్పెడు గింజల్ని చూస్తూ ఉండిపోయింది. మడికి చాలవు. మళ్లీ మొదటికొచ్చినట్టే.

అప్పుడామె చూపు దాయీ నడుం దగ్గర ఆగింది. చీర చెంగులో బరువుగా ఒక ముడి. పాయసం వండుకోవడానికి దాయీ తనకోసం దాచుకున్న నల్ల వడ్లు.

శిల్ప ఈ ఊళ్లో పుట్టిన పిల్ల. అది నాది, ఇచ్చెయ్యమని అనలేదు. లేచి వెళ్లి, దాయీ ముందు చున్నీ పట్టి నిలబడింది.

“ఛేర్‌ఛేరా, దాయీ!”

పండగ నిన్ననే అయిపోయింది. అయినా దాయీ పళ్లులేని నోటితో నవ్వింది. ముడి విప్పి, కొంగు దులిపి, ఆఖరి గింజ వరకూ శిల్ప చున్నీలో పోసింది.

“చెయ్యి వాసన చూసుకో, బేటీ,” అంది.