తొట్టి స్నానం

ఆదివారం పొద్దున్నే విజయవాడ నుంచి కారులో దిగిన దంపతులకు, వాళ్ల చిన్న కూతురు శాన్వికి వినీల ఎదురెళ్లి కొబ్బరిబోండాలు ఇచ్చింది. తిరువూరు దగ్గరున్న తమ మామిడితోటను ఆమె అతిథుల విడిదిగా మార్చింది. ప్లాస్టిక్ వస్తువులు గేటు బయటే వదిలేయాలి. వంటంతా కట్టెలపొయ్యి మీదే. తోటలో పురుగుమందు చుక్క పడదు. జనం వస్తున్నది ఆ మాట నమ్మే.

అంతలో తోట వెనకనుంచి తండ్రి ఏడుకొండలు వచ్చాడు. ఆయన చొక్కా నుంచి ఘాటైన వాసన గుప్పుమంది. ఆ వాసన ఏమిటో వినీలకు చిన్నప్పటినుంచీ తెలుసు.

"ముందు ఆ చొక్కా మార్చుకో నాన్నా. వాళ్లకి వాసనొస్తే మన పరువు పోతుంది" అంది గొంతు తగ్గించి. ఇంకేమీ అడగలేదు.

కాసేపటికి శాన్వి బోరు దగ్గరి సిమెంటు తొట్టిలో దూకి కేరింతలు కొట్టింది. అన్నాల వేళకు ఆ పిల్ల నోటివెంట నురగ వచ్చింది. ఒళ్లంతా అదిరిపోతోంది.

ఆసుపత్రిలో డాక్టరు పిల్ల కళ్లలోకి టార్చి వేసి చూసి బయటికొచ్చాడు. "ఇది పురుగుమందే. ఏ మందు? పేరు తెలిస్తే నా పని తేలికవుతుంది."

"మా తోటలో మందెక్కడిది డాక్టరుగారూ! దార్లో ఏం తిన్నదో ఏమో" అంది వినీల తల్లి ప్రమీలారాణి.

డాక్టరు విసురుగా లోపలికెళ్లాడు. వినీల తన తండ్రిని వరండా మూలకు లాక్కెళ్లింది.

"మందు కొట్టావు కదా?"

"తేనెమంచు పురుగు పట్టి పిందె మొత్తం రాలిపోతోందమ్మా. కాయలేని తోట చూడ్డానికి నీ దగ్గరికి ఎవరొస్తారు? అందుకే చీకటితోనే కొట్టేశా."

"మరి తొట్టి?"

"ఎప్పట్నుంచో ఉన్న అలవాటు... మందు ట్యాంకు అందులోనే కడిగా. నీళ్లు వదిలేద్దామనుకునేసరికి కారొచ్చింది. నన్ను చూసి నువ్వు కసిరావు. ఆ కంగార్లో మర్చిపోయా."

"నోరెత్తకండి ఇద్దరూ!" ప్రమీలారాణి వెనకే వచ్చింది. "తోట మూతపడుతుంది. ఈయన జైలుకి పోతాడు."

లోపలినుంచి శాన్వి తల్లి ఏడుపు వినబడింది. వినీల ఒక్క క్షణం ప్రమీలారాణి మాటకే మొగ్గింది. ఆ క్షణం తనమీద తనకే అసహ్యం వేసింది.

"డాక్టరుకి మందు పేరు చెప్పేస్తా. నువ్వు రాకమ్మా. నీకేమీ తెలీదని చెప్తా" అన్నాడు తండ్రి.

"వాసన పసిగట్టి కూడా నోరు మూసుకున్నా నాన్నా. ఒక్క మాట అడిగుంటే తొట్టి దగ్గరికి నేనే పరిగెత్తేదాన్ని."

ఇద్దరూ కలిసే లోపలికి వెళ్లారు. మందు పేరు ఏడుకొండలు చెప్పాడు. తొట్టి సంగతి వినీల చెప్పింది. శాన్వి తల్లి లేచి వినీల చెంప పగలగొట్టింది. వినీల తలవంచుకుని నిలబడింది.

సాయంత్రానికి పిల్లకు గండం గడిచిందన్నాడు డాక్టరు. అప్పటికే ఎస్సై వచ్చి వరండాలో నిలబడ్డాడు.

"ఎవరు చేశారయ్యా ఈ పని?"

"నేనే సార్" అంటూ ఏడుకొండలు లేచాడు. వినీల ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని పక్కన నిలబడింది.

"ఇద్దరం సార్."

ఏడుకొండలు చెయ్యి విడిపించుకోబోయాడు. కూతురు వదల్లేదు. పొద్దుటినుంచీ బిగబట్టుకున్న ఏడుపు ఆ ముసలాయన గొంతులోంచి ఒక్కసారిగా బయటపడింది.