అంచు కుర్చీ

"వానలు మొదలయ్యేలోపు ఈ అంచు పొడుగునా రెయిలింగ్ కట్టిస్తాను. నా మాట రాతి మీద గీత."

చెరువు ఒడ్డున హోటల్ నడిపే యజమాని అన్న మాట ఇది. ఎప్పుడన్నాడంటే, తన దగ్గర పనిచేసే సర్వర్‌ని నీళ్లలోంచి తీసి గట్టు మీద పడుకోబెట్టిన పూట, చుట్టూ చేరిన జనం ముందు అన్నాడు. వానలు మొదలయ్యాయి. చెరువు నిండింది. వానలు వెనక్కిపోయి మళ్లీ ఎండలు ముదిరాయి. రాతి మీద గీత కాస్తా నీటి మీద రాత అయింది.

రెయిలింగ్ రాలేదు. దెయ్యం వచ్చింది.

ఊళ్లకు దూరంగా, పొలాలు దాటాక ఉంటుంది ఆ హోటల్. చెరువులోకి చొచ్చుకుపోయిన చెక్కవేదిక, దాని మీద టేబుళ్లు. అన్నిటికన్నా చివరి టేబుల్‌కి నీళ్ల వైపు ఒక కుర్చీ ఉంది. ఆ కుర్చీ వెనక జానెడు చెక్క. ఆ తర్వాత చీకటి.

ఆ కుర్చీకి పేరు చెడింది. భోజనం ముగించి లేవబోతూ వెనక్కి నెడితే — కదలదట. ఎవరో పట్టుకుని ఆపినట్టు బిగుసుకుంటుందట. వంగి చూస్తే కుర్చీ కాలి చుట్టూ తడి వేళ్లు… ఆ వెంటనే నీళ్ల మీదుగా ఒక గొంతు —

"వెనక్కి జరపకండి…"

దెయ్యాలు లేవని పిల్లలకు పాఠం చెప్పే మాస్టారొకాయన చెప్పులు అక్కడే వదిలేసి కారు దాకా పరుగెత్తాడని చెబుతారు. చెప్పుల కోసం కూడా మళ్లీ రాలేదట.

ఇంకో చోటైతే ఈ దెబ్బకి హోటల్ మూతబడేది. కానీ భయాన్ని కూడా వడ్డించి అమ్ముకునే కాలం ఇది. యజమాని ఆ చివర దీపం తీయించేశాడు. ఆ టేబుల్ ఇప్పుడు ముందుగా చెప్పుకుంటే తప్ప దొరకదు.

చనిపోయిన సర్వర్‌ని అందరూ పిట్ట అనేవారు. మనిషి సన్నం. పిలిస్తే చాలు, వచ్చి వాలేవాడు. గట్టు మీద జనం పలచబడ్డాక యజమాని రెండో మాట కూడా అన్నాడు. "తాగి పడ్డాడండీ. తాగినవాడికి ఏ రెయిలింగ్ అడ్డం?" మొదటి మాటను రెండో మాట మింగేసింది. అధికారం చేతిలో ఉన్నవాడు బతికున్నవాళ్ల కడుపే కాదు, చచ్చినవాళ్ల పరువూ కొడతాడు.

పిట్ట తల్లిది ఇస్త్రీ కొట్టు. బట్టల మూట ఆమె ముందు పెడుతూ వచ్చినవాళ్లంతా అదే అనేవారు. "మంచివాడే పాపం, ఆ ఒక్క అలవాటూ లేకపోతే." ఆమె తల ఎత్తేది కాదు. పెట్టె బరువంతా చొక్కా కాలరు మీద మోపి అలా నొక్కుతూ ఉండేది.

చలికాలంలో ఒక సాయంత్రం ఆమె పెద్దకోడలు డ్యూటీ దిగి వచ్చింది. కోడలు ఆస్పత్రిలో నర్సు. పెద్దకొడుకు లారీ మీద పోతే ఎప్పటికో గాని రాడు కాబట్టి ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లిద్దరే. నర్సు బూట్లు విప్పి, ఉబ్బిన పాదాలు చల్లటి గచ్చు మీద ఆనించి కళ్లు మూసుకుంది.

"అమ్మాయ్. నన్నోసారి ఆ చెరువు హోటల్‌కి తీసుకెళ్లు."

నర్సు కళ్లు తెరవలేదు. "భోజనానికా అత్తయ్యా?"

"వాణ్ణి ఒక్క మాట అడగాలి."

"ఏమని?"

"తాగావా, లేదా అని."

దెయ్యాలు లేవు అత్తయ్యా అనాలనుకుంది నర్సు. కానీ కాదనడానికి కూడా ఓపిక కావాలి. పొద్దుటి నుంచి ఆస్పత్రిలో అందరికీ ఏదో ఒకటి కాదంటూనే ఉంది — మంచాలు లేవని, డాక్టరు రాలేదని, ఇంకో గంట ఆగమని. ఇంటికొచ్చి ఈ ముసలావిడకి కూడా కాదని చెప్పడం ఆమె వల్ల కాలేదు.

"సరే," అంది. "ఆ టేబులే చెబుతాను."

బస్సు దిగి గట్టు మీద నడిచి వెళ్లేసరికి చీకటి పడింది. కౌంటర్ దగ్గర యజమానే నిలబడి ఉన్నాడు. గట్టు మీద ఈ తల్లి ఎదుట నిలబడే కదా మాటిచ్చాడు — ఇప్పుడు గుర్తుపట్టలేదు.

"చివరి టేబులా? పెద్దావిడకి గుండె గట్టిదేనా?" అని నవ్వాడు.

"గట్టిదే బాబూ," అంది ముసలావిడ. "ఇంకా ఆడుతోందంటే చూడు."

వేదిక మీద అడుగేసినప్పుడల్లా చెక్క చిన్నగా మూలిగింది. దీపాలు ఒక్కొక్కటే వెనకబడ్డాయి. చివరి టేబుల్ దగ్గర ఒక్క కొవ్వొత్తి మాత్రం గాజు గ్లాసులో వణుకుతోంది. నర్సు అంచు కుర్చీ వైపు వెళ్లబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"అది నాది."

సూప్ వచ్చింది. ముసలావిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఇంత పల్చనేమిటే. వంటాయన గిన్నె చెరువులో ముంచి పైకి తీశాడా ఏమిటి?"

నర్సు నవ్వేసింది. ఎన్నాళ్లకో వచ్చిన ఆ నవ్వు కూడా సగంలోనే అలిసిపోయింది. వెనక టేబుళ్ల నుంచి కొందరు ఫోన్లు పైకెత్తి ఇటే చూస్తున్నారు. ముసలావిడ ఎప్పుడు జడుసుకుంటుందా, ఎప్పుడు వీడియో తీద్దామా అని. పక్కవాడి భయం వీళ్లకి భోజనం తర్వాతి తీపి.

చేప వచ్చింది. ముసలావిడ ముట్టలేదు. ఒళ్లో చేతులు కట్టుకుని నీళ్లకు వీపు పెట్టి కూర్చుంది. కింద అలలు స్తంభాలను తడుతున్నాయి… తడుతున్నాయి… ఆగాయి.

"అడుగుతానే," అని కోడలితో గుసగుసగా అంది.

రెండు చేతులూ టేబుల్ అంచున ఆనించి కుర్చీని మెల్లగా వెనక్కి నెట్టింది.

కదలలేదు.

ఇంకొంచెం గట్టిగా నెట్టింది. కుర్చీ కాళ్లు చెక్కకు మేకు కొట్టినట్టు నిలిచిపోయాయి. నర్సుకి వంగి చూడాలని ఉంది, మెడ వంగడం లేదు.

కింద నుంచి, నీళ్లను ఆనుకుని —

"వెనక్కి జరపకండి…"

ముసలావిడ కళ్లు మూసుకుంది. ఆ గొంతు ఎక్కడినుంచి వస్తోందో అటు తల తిప్పలేదు. తిప్పితే పోతుందేమోనని భయపడ్డట్టు కూర్చుంది.

"నాయనా… నేను. అమ్మని."

కుర్చీ కాళ్ల మీద పట్టు ఇంకా బిగిసింది.

"ఆ పూట… తాగావా నాన్నా?"

కొవ్వొత్తి ఒకసారి కుంగి లేచింది. అప్పుడు —

"లేదమ్మా."

ముసలావిడ భుజాలు కిందికి జారాయి. పెద్ద మూట దింపి అక్కడే చతికిలబడిన కూలీలా అయిపోయింది. బుగ్గల మీంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"తిన్నావా?" అంది తర్వాత.

"…లేదమ్మా. టేబుళ్లన్నీ ఖాళీ అయ్యాక తింటాం."

ఆ మాట వెంటే దగ్గు వచ్చింది. ఆపుకోబోతే ఇంకా ఎక్కువైంది. ఛాతీ అడుగు నుంచి తన్నుకొచ్చే తడి దగ్గు.

నర్సు ఆ దగ్గు విని తల పైకెత్తింది. భయం ఒక్కసారిగా కోపంగా మారింది.

"అత్తయ్యా. చచ్చిపోయినవాళ్లకి కఫం పట్టదు."

ఫోన్ లైటు వేసి అంచు మీంచి కిందికి వంగింది. చెక్కవేదిక కింద, స్తంభాలను కలిపే అడ్డదూలం మీద, నడుం లోతు నీళ్లలో ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. రెండు చేతులూ పైకి చాచి కుర్చీ వెనక కాళ్లు పట్టుకున్నాడు. నాని నాని వేళ్ల చర్మం తెల్లగా ముడతలు పడింది.

పిట్టతో కలిసి పనిచేసిన పొడుగు సర్వర్. పిట్టని మోసిన నలుగురిలో ఒకడు.

"లైటు తీసెయ్యండి వదినా," అన్నాడు గుసగుసగా. "చూశారంటే పని పోతుంది."

"ఈ నీళ్లలో ఏం చేస్తున్నావు?"

"కుర్చీ పట్టుకుంటున్నా."

ఆ హోటల్ పనివాళ్ల పద్ధతి అది. కడుపు నిండినవాడు వెనక చూడకుండా కుర్చీ నెడతాడు. అందుకని పిట్ట ప్రతి పూటా ఆ చివరి కుర్చీ వెనక నిలబడి, కుర్చీ కాలికి తన కాలు అడ్డం పెట్టేవాడు. పిట్ట పోయాక మిగతావాళ్లు అలాగే నిలబడబోతే యజమాని కసిరాడు. "అతిథుల నెత్తిన కాకుల్లా వాలకండి. వాళ్లు వచ్చేది చెరువు చూడ్డానికి, మిమ్మల్ని కాదు." టేబుల్ తీసెయ్యమంటే తీయలేదు. ఇంకొకరు పడకూడదని వాళ్లే వంతులు వేసుకుని కిందికి దిగారు.

"దెయ్యమని పేరు పడ్డప్పుడు మేమే ఊరుకున్నాం వదినా. భయపడి ఇక్కడ ఎవరూ కూర్చోరు, మాకు ఈ నీళ్లు తప్పుతాయి అనుకున్నాం." చిన్నగా నవ్వబోయి మళ్లీ దగ్గాడు. "ఎగబడి వస్తున్నారు."

ముసలావిడ అప్పటికి కుర్చీలోంచి పక్కకు దిగి, అంచు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. లైటు వెలుగులో అతని మొహం చాలాసేపు చూసింది. తన కొడుకు మొహం కాదు. ఆ సంగతి ఆమె మొహంలోకి మెల్లగా, నీళ్లు ఇంకినట్టు ఇంకింది.

"ఇందాక లేదన్నది నువ్వా?"

"నేనేనమ్మా. క్షమించు."

"నా కొడుకనుకుని అడిగాను."

"తెలుసు. కానీ అబద్ధం చెప్పలేదమ్మా. ఆ పూట నేను పక్క టేబుల్ దగ్గరే ఉన్నా. అతిథి ఒక్క ఊపున కుర్చీ నెట్టాడు. పిట్ట కాలు అడ్డం పెట్టి, కుర్చీని ముందుకు తోశాడు. ఆయన నిలిచాడు. వీడు వెనక్కి పోయాడు. తల ఈ దూలానికే తగిలింది. గుక్కెడు కూడా తాగలేదమ్మా వాడు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

పొడుగు సర్వర్ కుర్చీ కాలు వదల్లేదు. "చీకట్లోంచి చెబితే దెయ్యమంటారు. వెలుతురులో చెబితే… నాకు ఇద్దరు పిల్లలమ్మా."

చెమటోడ్చే మనిషి నోరు తెరవాలంటే ముందు తన పిల్లల కంచంలోకి చూసుకోవాలి. ఏ దెయ్యం కథలోనూ ఇంతకన్నా భయపెట్టే సంగతి లేదు.

ముసలావిడ అతన్ని తిట్టలేదు. పెట్టె వేడికి మచ్చలు పడ్డ చెయ్యి కిందికి చాచింది.

"మావాడు ఉన్నాడనుకుని వచ్చాను. వాడు లేడు. నువ్వున్నావు. పైకి రా నాయనా. చలిగా ఉంది."

అతను ఆ చెయ్యి వైపు చూశాడు. కౌంటర్ వైపు చూశాడు. మళ్లీ చెయ్యి వైపు.

కుర్చీ కాలు వదిలాడు. నర్సు ఒక చెయ్యి, అత్త ఒక చెయ్యి పట్టి లాగితే పైకి వచ్చాడు. తడి బట్టల నీళ్లు చెక్క మీద ధారగా కారాయి. వెనక టేబుళ్ల నుంచి ఎవరో కెవ్వుమన్నారు. ఫోన్ల లైట్లన్నీ ఇటు తిరిగాయి. ఆ వెలుగులో దెయ్యం నిలబడి ఉంది — హోటల్ వాళ్లు ఇచ్చిన తెల్ల చొక్కా ఒంటికి అతుక్కుపోయి, పళ్లు టకటకా కొట్టుకుంటూ.

"పిట్ట తాగలేదు," అన్నాడు అందరి వైపు చూస్తూ. దగ్గు అడ్డొచ్చింది. గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు. "పిట్ట తాగలేదండీ. ఒకాయన్ని పడకుండా ఆపి, తను పడ్డాడు. నేను చూశాను."

యజమాని పరుగున వచ్చాడు. వచ్చి, "ఎవరు నువ్వు?" అనలేదు. "నీళ్లలో ఎందుకున్నావు?" అని కూడా అడగలేదు. అతని నోటినుంచి వచ్చింది ఒకే మాట.

"ఎవరెక్కమన్నారు నిన్ను? దిగు కిందికి."

వేదిక మీద చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఆ మాట అందరూ విన్నారు. తను ఏమన్నాడో యజమానికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

ముసలావిడ మెల్లగా లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"పిట్ట తల్లిని బాబూ. నా కొడుకు తాగాడని ఎందుకన్నావు?"

యజమాని పక్క టేబుల్ మీద గుడ్డ సరిచేశాడు. అది అప్పటికే సరిగ్గా ఉంది. "భోజనాల వేళ ఇదంతా ఎందుకమ్మా. తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత అంటే ఎప్పుడు?" అంది నర్సు.

అతను వినబడనట్టు వెళ్లిపోయాడు. నర్సు తన శాలువా తీసి పొడుగు సర్వర్ భుజాల చుట్టూ కప్పింది. ముసలావిడ చేప పళ్లెం అతని ముందుకు జరిపింది. ముగ్గురూ అక్కడే, అంచుకు దూరంగా, చెక్క మీద కూర్చున్నారు. అతను తింటున్నంతసేపూ ముసలావిడ చేప ముళ్లు ఏరి పెట్టింది.

మర్నాటి నుంచి అతనికి ఆ హోటల్లో పని లేదు. చివరి టేబుల్ మాత్రం ఉంది. ఇవాళ కుర్చీ ఎవరు పట్టుకుంటున్నారో తెలియదు.

ఈ కథ విన్నవాళ్లంతా ఇంతకీ దెయ్యం ఉన్నట్టా లేనట్టా అని అడుగుతున్నారు. తప్పుడు ప్రశ్న. ఆ తల్లి అడిగిందే సరైన ప్రశ్న, దానికింకా జవాబు రాలేదు. తర్వాత అనే తేదీ ఏ క్యాలెండర్లోనూ లేదు గనక, తేదీ ఈ కథ చెబుతున్న మేమే వేస్తున్నాం. పిట్ట తాగాడని ఎందుకన్నాడో, అదే చెక్కవేదిక మీద, దీపాలన్నీ వెలిగించి, ఆ తల్లి మొహం చూస్తూ యజమాని చెప్పాలి.

గడువు: మే నెల ముప్పై ఒకటి, సాయంత్రం.