సుక్కి నడక

వానలో రోడ్డుకు అడ్డంగా గొడుగు పట్టుకుని నిలబడ్డ అమ్మాయిని చూసి మహిపాల్ ట్రాక్టర్ బ్రేకు మీద నిలబడ్డాడు.

"సచ్చేటందుకు నా ట్రాక్టరే దొరికిందా మేడం?"

"ట్రాలీల బర్రెను ఎటు తీస్కపోతున్నవ్?"

"పశువుల అంగడికి, అమ్మేటందుకు. మా సుక్కి ఈనినప్పటి సంది లేస్తలేదు. దవాఖాన సూదులన్నీ అయినయ్."

ఆమె గొడుగు పారేసి ట్రాలీ ఎక్కింది. బర్రె వెనక కాలి గిట్టల సందున గట్టిగా గిల్లింది. బర్రె కాలు గుంజుకుంది. అమ్మాయి ముఖం వెలిగిపోయింది.

"కాళ్లల్ల సోయి ఉన్నది! వచ్చే వారం అంగడి దాక నాకిడువు. నిలబెడత."

"ఇంతకు మీరెవరు?"

ఆమె చూపించిన దుకాణపు మడిగె మీద కొత్త బోర్డు వేలాడుతోంది. డాక్టర్ పల్లవి, పశువుల ఫిజియోథెరపీ.

"అంటే... బర్రెలకు మాలీష్ చేస్తరా?"

"మందు నొప్పి తగ్గిస్తది. మళ్ల నడక ఎవరు నేర్పాలె?"

మహిపాల్ ట్రాక్టర్ వెనక్కి తిప్పాడు.

బాన్సువాడలో ఆ బోర్డు చూసి నవ్వనివాడు లేడు. పల్లవి హైదరాబాద్‌లో పశువైద్యం చదివి, ఆపైన ఈ విద్య నేర్చుకుంది. కాలు విరిగిన గుర్రాలను నడిపించింది. పట్నంలో కుక్కలను చూసేవాళ్లు బోలెడుమంది, పల్లెలో బర్రెలకు ఎవరున్నారని ఇక్కడికొచ్చి షట్టరెత్తింది. ఒక్క పశువూ గడప దాకా రాలేదు. సుక్కే మొదటిది.

"ఇది లేవకుంటే ఇగ నేను పట్నం పోవుడే" అంది పల్లవి. బర్రె పోతుందన్న దిగులుకు తోడు మహిపాల్‌కు ఇంకో దిగులు పట్టుకుంది.

మర్నాడు స్కూటీ మీద కోటగిరిలోని మహిపాల్ వాళ్ల పశువుల కొట్టానికి వచ్చింది. సుక్కి కొమ్ములు విసిరింది, చెయ్యి వెయ్యనివ్వలేదు. పల్లవి ఒక్క క్షణం ఆలోచించింది.

"దీని పాలు ఎవరు పిండుతరు?"

"అమ్మ. ఇంకెవరినీ రానియ్యదు. ఒకపారి అమ్మ ఊరికి పోతే..." మహిపాల్ గొంతు తగ్గించాడు. "అమ్మ చీర కట్టుకొని నేనే పిండిన. ఎవరికీ చెప్పకుండ్రి."

"మరి ముందే చెప్పొద్దా!"

మహిపాల్ తల్లి సత్తెమ్మ పాత చీర ప్యాంటు మీదనే చుట్టుకుని పల్లవి పేడలో చతికిలబడింది. సుక్కి కొంగు వాసన చూసి తల వాల్చింది. పసిపిల్లకు నూనె రాసినంత ఓపికగా పల్లవి దాని కాళ్లు మడిచింది, చాపింది, పిసికింది. ఆ చేతుల కింద బర్రె కళ్లు మూసుకుంది. మహిపాల్ మాత్రం రెప్ప వేయలేదు.

"నన్ను చూస్తున్నవా, పట్టే తీరు చూస్తున్నవా?"

"తీరే."

"ఏ కాలు పడుతున్న?"

"ఎడమ..."

"కుడి."

గడ్డి పెట్టవచ్చిన సత్తెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత పల్లవి సుక్కిని ట్రాలీలో తీసుకెళ్లి పిల్లకాలువలోకి దింపుదామంది. "నీళ్లల్ల బరువు తేలికైతది. చెరో పక్క పట్టుకోవాలె. నువ్వు గూడ చీర కట్టుకో."

"నేనా? ఊరంత చూస్తది!"

"బర్రె నిలబడాల్నా, నీ ఇజ్జత్ నిలబడాల్నా?"

మహిపాల్ చీర కట్టాడు. కాలువగట్టు మీద దోస్తు ప్రవీణ్‌కుమార్ మోటర్‌సైకిల్ ఆపి వీడియో తీశాడు. "వదినా, చీర కట్టిన గా రెండో బర్రె గూడ నడుస్తదా?"

సాయంత్రానికి ఆ వీడియో అందరి ఫోన్లలో చేరింది. అయినా మహిపాల్ రోజూ చీర కట్టాడు, రోజూ నీళ్లలో దిగాడు. సుక్కి గిట్టలు మెల్లగా నేలను తెలుసుకున్నాయి.

అంగడి రోజు రానే వచ్చింది. ట్రాలీ కొట్టం ముందే ఉంది. సుక్కి మోకాళ్ల మీద కదిలింది. నడుము ఎత్తింది, వణికింది, కూలబడింది. మహిపాల్ లేపబోతే పల్లవి చెయ్యి పట్టి ఆపింది.

"వద్దు. తనంత తనే లేవాలె."

కట్టుకొయ్య దగ్గర దూడ అరిచింది. సుక్కి మళ్లీ నడుము ఎత్తింది. ఈసారి ముందుకాళ్లూ లేచాయి. తూలుతూ తూలుతూ దూడ దాకా నడిచి, దాన్ని నాకింది.

పల్లవి ఏడుస్తోంది. పట్టిన చెయ్యి మాత్రం వదల్లేదు.

"పిట్లం రైతుల నుంచి ఫోన్ వచ్చింది" అంది ముక్కు తుడుచుకుంటూ. "వీడియో చూసిండ్రంట. ఎద్దుకు నడుము పట్టిందంట."

సత్తెమ్మ కొడుకును చూసింది, పట్టుకున్న చేతులను చూసింది. "వీనికి నోరు లేవదు బిడ్డా, నేనే పిల్లనడుగుత. మీ అమ్మ నంబరు చెప్పు."

"ముందు ఆయన్నే చెప్పమనుండ్రి."

మహిపాల్ సుక్కిని చూస్తూ అన్నాడు. "బాన్సువాడ ఇడిసి పోవద్దు."

"ఎవరి కోసం?"

"బర్రెల కోసం."

"అంతేనా?"

"నా కోసం."

పల్లవి సత్తెమ్మ వైపు తిరిగి నంబరు చెప్పడం మొదలుపెట్టింది.